ఆరు సీసాలు, ఒక రబ్బరు గొట్టం

జూన్ 4

బాబాయ్‌కి,

ఇకనుంచి ఫోన్ చెయ్యను. నలభై ఏళ్ళు పంపుహౌసులో మోటార్ల మధ్య నిలబడి చెవులు పోగొట్టుకున్నది నువ్వు, అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటున్నది నేను. మొన్న నేను చెప్పిందేదీ నీకు అందలేదు గానీ మా హాస్టల్ మొత్తానికీ అందింది. ఉత్తరం అయితే నువ్వు నాలుగుసార్లు చదువుతావు, పిన్నికి చదివి వినిపిస్తావు, మధ్యలో నన్ను తిట్టుకుంటావు. అదే మేలు.

ఈ పెద్దాసుపత్రి ల్యాబ్‌లో చేరి నాలుగు నెలలైంది. నా పని ఏమిటని నువ్వు అడిగిన ప్రతిసారీ "సూక్ష్మక్రిములు" అని ఊరుకున్నాను. ఇప్పుడు సరిగ్గా చెబుతాను, విను. దగ్గుతో వచ్చినవాళ్ళ కళ్ళె నా దగ్గరికి వస్తుంది. కొంచెం గాజుపలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తాను. మిగిలింది సీసాలో వేసి వెచ్చటి పెట్టెలో పెంచుతాను. టీబీ క్రిమి ఉంటే గాజుపలక మీద సన్నటి ఎర్ర పుల్లల్లా కనిపిస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, దీనికి దాయాదులున్నాయి. వందకు పైగానే ఉన్నాయి. ఇంటిపేరు ఒకటే, రంగు వేస్తే అవీ ఎర్రగానే కనిపిస్తాయి. గుణం వేరు, చంపే మందు వేరు. గట్టిగా ఉన్న మనిషి జోలికి అవి దాదాపుగా రావు. హెచ్ఐవీ వల్ల ఒంట్లో కాపలా పూర్తిగా పడిపోయినవాళ్ళ దగ్గర మాత్రం తిష్ట వేస్తాయి.

మా వార్డులో ఒకాయన అలాగే ఉన్నాడు. పేరు చెప్పకూడదు, చెప్పను. వృత్తికి దర్జీ, కాబట్టి దర్జీ అనుకుందాం. అయిదు నెలల క్రితం, జనవరి ఆరున, వేరే ఆసుపత్రిలో ఎర్ర పుల్లలు చూసి టీబీ అని మందులు మొదలుపెట్టారు. అప్పటినుంచీ జ్వరం దిగలేదు, మనిషి సగమయ్యాడు. నోరంతా తెల్లటి పూత, పుండ్లు. చుక్క నీళ్ళు నోట్లో పడితే కళ్ళమ్మట నీళ్ళు కారతాయి. మందు పనిచెయ్యట్లేదంటే ఇతను మింగట్లేదని వార్డు డాక్టరు తేల్చేశాడు. ఆ మాట భార్య ఎదురుగానే అన్నాడు. ఆవిడ ఆరోజునుంచీ మొగుడితో సరిగ్గా మాట్లాడటం లేదట. దర్జీ దిండు కింద నుంచి ఒక గుడ్డ పీలిక తీసి నాకు చూపించాడు. రోజూ పొద్దున మాత్రలు మింగగానే దాని మీద ఒక కుట్టు వేశాడట. ఆవేళ్టికి నూట యాభై కుట్లు.

ఇతని సీసాలో క్రిమి పెరిగింది బాబాయ్. టీబీయో కాదో చెప్పే పట్టీ మీద ఒక చుక్క వేశాను. టీబీ అయితే గీత పడాలి. పడలేదు. నాకు అనుమానం లేదు, ఇది దాయాదే. అయితే ఒక్క సీసా చూసి చెప్పడానికి మా నియమం ఒప్పుకోదు. రెండోసారి కళ్ళె తీసుకోవాలి, అదీ పెరగాలి. ఎందుకంటే ఈ క్రిములు మామూలుగా ఉండేది నీళ్ళలో, పైపుల్లో; అక్కడినుంచి కళ్ళెలో ఊరికే కలిసిపోవచ్చు. పైపుల సంగతి నీకు నేను చెప్పేదేముంది.

పిన్ని మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

నీ గడుగ్గాయి


జూన్ 10

ఒసే గడుగ్గాయ్,

నీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు కాదు, ఆరుసార్లు చదివాను. ఆరుసార్లూ కోపం వచ్చింది.

నీళ్ళలో, పైపుల్లో ఉంటాయా? పంపుహౌసు మెట్ల మీద కూర్చుని హోంవర్కు చేసినదానివి, ఆ నీళ్ళే తాగి ఇంత పొడుగైనదానివి, నాలుగు అక్షరాలు వచ్చేసరికి నీళ్ళ మీద నింద వేస్తున్నావు. నలభై ఏళ్ళు నేను వదిలిన నీళ్ళు గ్లాసులో పట్టి సూర్యుడికి ఎదురుగా పెడితే అవతలి మనిషి ముక్కు కనిపించేది. నా డ్యూటీలో మందు కలపడం ఒక్క పూట తప్పలేదు. కావాలంటే మీ పిన్నినడుగు. అడగొద్దులే, ఆవిడ ఇది చదివి నవ్వుతోంది. "అది నీ నీళ్ళనలేదయ్యా, లోకంలో నీళ్ళంది" అంటోంది. లోకంలో నీళ్ళంటే నా నీళ్ళు కావా?

సరే, కోపం పక్కన పెట్టి ఒక మాట చెబుతాను. ఫిల్టరు దాటి బయల్దేరినప్పుడు నీళ్ళు శుభ్రంగానే ఉంటాయి. పాడుచేసేది తర్వాత వచ్చిన మనుషులు. ఎండకు వేడెక్కే ట్యాంకు, ఎవరూ వాడని గదికి వెళ్ళి అక్కడే ఆగిపోయే పైపు, కుళాయికి కట్టిన పాత రబ్బరు గొట్టం. నీళ్ళు కదలకుండా నిలబడ్డ చోట పాచి పడుతుంది. ఇది తెలియడానికి మైక్రోస్కోపు అక్కర్లేదు, చూపుడువేలు చాలు. ఫిర్యాదు వస్తే మేము నీళ్ళెలా ఉన్నాయని అడిగేవాళ్ళం కాదు. ఏ కుళాయిలో పట్టారని అడిగేవాళ్ళం. నువ్వు కూడా అది అడగడం నేర్చుకో.

దర్జీ సంగతి చదివి మీ పిన్ని బాధపడింది. కుట్టు వేసినవాడు అబద్ధమాడడని అంటోంది. మోకాళ్ళు అలాగే ఉన్నాయి.

ఇట్లు,
నీళ్ళు పాడుచేసిన బాబాయ్


జూన్ 29

మూతి ముడుచుకున్న బాబాయ్‌కి,

తప్పయింది. నీ నీళ్ళు అమృతం. లెంపలేసుకున్నానని పిన్నికి కూడా చెప్పు.

ఇక అసలు సంగతి. దర్జీ రెండో సీసా కూడా పెరిగింది, మళ్ళీ గీత పడలేదు. ఎగిరి గంతేశాను. ఆ వారంలోనే ఇంకో అయిదుగురి సీసాల్లో అదే క్రిమి. అందరూ మా మూడో అంతస్తు రోగులే. మొత్తం ఆరుగురు. మొదటి రెండు రోజులూ కళ్ళు నెత్తికెక్కాయి, ఒక్క నెలలో ఇన్ని పట్టుకున్నానని. మూడోరోజు పొద్దున కాఫీ తాగుతుంటే నీ ఉత్తరం గుర్తొచ్చింది. సంవత్సరానికి నాలుగైదు కనిపించే క్రిమి ఒకే అంతస్తులో నెలకి ఆరా? ఏ కుళాయిలో పట్టారు?

వెళ్ళి చూశాను. వార్డు చివర వరండాలో కళ్ళె తీసే మూల ఉంది. గాలి బాగా ఆడుతుంది, ఎండ పడుతుంది, అన్నీ పుస్తకంలో చెప్పినట్టే ఉన్నాయి. పక్కనే సింకు. కుళాయికి మూరెడు రబ్బరు గొట్టం, నీళ్ళు చిందకుండా. అక్కడ డ్యూటీ చేసే సిస్టరు మహా కచ్చితమైన మనిషి. డబ్బా చేతికిచ్చే ముందు ప్రతి రోగితోనూ ఆ నీళ్ళతో మూడుసార్లు పుక్కిలింపిస్తుంది. నోట్లో అన్నం మెతుకులు కళ్ళెలో కలవకూడదని ఆ నియమం. మంచి నియమమే. గొట్టంలో వేలు పెట్టి తిప్పాను, నువ్వు చెప్పినట్టే. వేలు జారింది.

గొట్టంలో నీళ్ళు పట్టి నాలుగు సీసాల్లో వేశాను. వెచ్చటి పెట్టెలో ఉన్నాయి. నాకు తెలుసు ఏం పెరుగుతుందో. మా పెద్ద డాక్టరమ్మకి, అంటే ల్యాబ్‌కి పెద్దావిడకి, అప్పుడే చెప్పేశాను. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, నీకీ ఆలోచన ఎక్కడిదని అడిగింది. మా బాబాయ్ ఫిట్టరన్నాను.

నీ అపరాధి


జూలై 5

ఒసే గడుగ్గాయ్,

చూశావా? చూశావా అని రెండుసార్లు రాస్తున్నాను, మూడోసారి రాయనివ్వకుండా మీ పిన్ని కలం లాక్కుంటోంది.

రబ్బరు గొట్టం నా పాత శత్రువు. ఒకసారి ఒక బడిలో పిల్లలకి నీళ్ళు వాసనేస్తున్నాయని గొడవ. ముగ్గురు ఇంజనీర్లు వచ్చి ట్యాంకు కడిగించారు, పైపు తవ్వించారు. నేను వెళ్ళి కుళాయికి ఉన్న గొట్టం పీకి, నడుమ చీల్చి, లోపలి పాచి వాళ్ళ ముందు పరిచాను. నువ్వూ అలాగే చీల్చి చూపించు. ఇప్పుడే పీకెయ్యి. ఆ కుళాయి వెనకాల ఎక్కడైనా మూతేసిన పైపు ఉంటే అది కూడా కోయించెయ్యి.

వీధిలో అందరికీ చెప్పాను. మా అన్నయ్య కూతురు ఆసుపత్రిలో ఆరు దొంగ రోగాలు పట్టుకుందని. ఆ దర్జీకి కూడా ఏ దాయాదీ లేదన్నమాట. అదంతా గొట్టంలోదే. పాపం, ఊరికే హడలిపోయాడు. త్వరగా ఇంటికి పంపించెయ్యండి, మిషను తొక్కుకుంటాడు.

ఇంత పని చేసింది నువ్వైతే పేరు ఇంకెవరో కొట్టేస్తారు, ఆఫీసుల సంగతి నాకు తెలుసు. నువ్వు నోరున్నదానివే గానీ నీ గురించి చెప్పుకోవడం రాదు. దానికి ఏం చెయ్యాలో నేను చూసుకుంటాను.

మీసం మెలేస్తూ,
బాబాయ్


జూలై 20

బాబాయ్,

కుశల ప్రశ్నలు వెయ్యను, కోపంగా ఉన్నాను.

నువ్వు మా పెద్ద డాక్టరమ్మకి ఉత్తరం రాశావు. నాతో ఒక్క ముక్క చెప్పకుండా రాశావు. "నలభై సంవత్సరాల అనుభవంగల ఫిట్టరుగా నేను ధృవీకరించునది ఏమనగా, ఆరు సీసాలలో పెరిగినది ఆ రబ్బరు గొట్టములోనిదే" అని కింద సంతకం కూడా పెట్టావు. ఆవిడ దాన్ని మీటింగులో పైకి చదివింది. అందరూ మెచ్చుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

గొట్టం నీళ్ళ సీసాలు పెరిగాయి. అదే క్రిమి. నువ్వు చెప్పింది నిజం, నేను పట్టుకుంది నిజం, అందరూ చప్పట్లు కొట్టిందీ నిజం. గొట్టం పీకేశారు. మర్నాడు ఆరుగురి రిపోర్టులూ ఒకే మాటతో వెళ్ళాయి: నీళ్ళ వల్ల వచ్చింది, రోగం కాదు. ఆరుగురంటే ఆరుగురూ. దర్జీ కూడా అందులోనే.

దర్జీకి ఏ రోగమూ లేదని నువ్వు తేల్చేశావు కదా. అతని జ్వరం నూట మూడు. నెలలో నాలుగు కిలోలు తగ్గాడు. నా రిపోర్టు చూసి వార్డు డాక్టరు ఏమన్నాడో తెలుసా? దాయాదీ లేదు గీయాదీ లేదు, ఇది టీబీనే, ఇతను మాత్రలు మింగలేదు, అందుకే మొండికెక్కింది అన్నాడు. వచ్చే నెల ఇరవయ్యో తారీకునుంచి మొండి టీబీకి వేసే సూదులు మొదలుపెడతాడట. అవి చాలా గట్టి మందులు. కొందరికి చెవులు పోతాయి. చెవులు పోతే ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. పైగా అవి ఈ క్రిమికి సరైన మందులూ కావు. అసలు మందు పడకపోతే ఈ మనిషి దక్కడు.

నేను ఆ వరండాలోకి వెళ్ళకపోయి ఉంటే ఇతని రిపోర్టు ఈపాటికి సరిగ్గా వెళ్ళేది. రెండు సీసాలు పెరిగాయి కాబట్టి నియమం ప్రకారం దాయాదే అని రాసేవాళ్ళం. గొట్టం పట్టుకుని నా గొయ్యి నేనే తవ్వుకున్నాను, నువ్వు మట్టి పోశావు. నిన్న దర్జీ నన్ను పిలిచి ఆ పీలిక మళ్ళీ చూపించాడు. నూట తొంభై అయిదు. "అమ్మా, మీరైనా నమ్ముతారా?" అని అడిగాడు. నమ్ముతానన్నాను. నమ్మితే సరిపోదు, చూపించాలి.

ఇక నాకు సాయం చెయ్యకు.

ఇట్లు


జూలై 25

అమ్మడూ,

కింద పేరు కూడా పెట్టకుండా ఉత్తరం ముగించావు. మీ పిన్ని చదివి, కాగితం నా ఒళ్ళో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నాతో మాట్లాడలేదు. నాకు వినపడదు కాబట్టి మాట్లాడకపోయినా తేడా తెలియదనుకుంటారు గానీ, తెలుస్తుంది.

నేను చేసింది తప్పు. నీకు పేరు రావాలనుకున్నాను. నేను ఆ మూల చూడలేదు, ఆ మనుషులను చూడలేదు. చూడకుండా ఆరు అని రాసి సంతకం పెట్టాను.

సాయం చెయ్యొద్దన్నావు, చెయ్యను. ఒకటి అడుగుతాను, అడగడం సాయం కాదు. నాకు వినడానికేమీ లేదు కాబట్టి రోజూ నీ ఉత్తరాలు మొదటినుంచి చదువుకుంటాను. మొదటి ఉత్తరంలో ఏం రాశావో నీకు గుర్తుందో లేదో. దర్జీ నోరంతా పుండ్లు, చుక్క నీళ్ళు పడితే కళ్ళమ్మట నీళ్ళు కారతాయని రాశావు. రెండో ఉత్తరంలో అందరితోనూ మూడుసార్లు పుక్కిలింపిస్తారని రాశావు.

ఆ నోటితో ఆయన పుక్కిలించాడా?

గొట్టం నీళ్ళు ఆయన నోట్లోకే వెళ్ళకపోతే, ఆయన సీసాలోకి ఎలా వచ్చాయి? ఏ కుళాయిలో పట్టారని అడగడం నేర్చుకోమని నీకు గొప్పగా రాశాను. అసలు పట్టాడా అని అడగడం నేనే మరిచిపోయాను.

మోకాళ్ళు పరవాలేదు.

బాబాయ్


జూలై 30

మా బంగారు బాబాయ్‌కి,

నీ ఉత్తరం నిలబడి చదివాను, అలాగే పరిగెత్తాను. మూడంతస్తులు ఎక్కి వెళ్ళేసరికి ఊపిరాడక సిస్టరు ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాను. నాకేదో అయిందని ఆవిడ ముందు నన్ను కూర్చోబెట్టింది.

ఆవిడ కచ్చితమైన మనిషని రాశాను కదా. నియమం పాటిస్తే ఏమీ రాయదు. నియమం తప్పితే మాత్రం రాసి తీరుతుంది. కళ్ళె రిజిస్టరు తీయించాను. దర్జీ నంబరు పక్కన, రెండుసార్లూ, ఎర్ర ఇంకుతో: "పుక్కిలించలేదు. నోటి పుండ్లు." మిగతా అయిదుగురి పక్కన ఏమీ లేదు. ఇన్నాళ్ళూ ఆ రిజిస్టరు నా కళ్ళ ముందే ఉంది. నంబరు చూసుకున్నాను గానీ పక్క గడి చదవలేదు. ఆవిణ్ణి ఎవరైనా అడిగారా అంటే, ఎవరూ అడగలేదని, అడిగితే చెప్పేదాన్నని అంది.

రిజిస్టరు పట్టుకుని పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్ళాను. మాటలు తడబడతాయనుకున్నాను, తడబడలేదు. ఆవిడ రెండు పేజీలూ చదివింది. నన్ను మెచ్చుకోలేదు. చెయ్యి కడుక్కున్నాడేమో, డబ్బా అంచుకి చుక్క తగిలిందేమో, ఇంతమాత్రాన రిపోర్టు మార్చలేను అంది. నాకు ఉక్రోషం వచ్చింది గానీ ఆవిడ చెప్పిందీ సబబే. ఒకసారి నా మాట విని ఆరు మార్చింది, మళ్ళీ నా మాట విని ఒకటి ఎలా మారుస్తుంది? అప్పుడు నేనే అన్నాను: ఏ కుళాయీ తగలని చోటునుంచి తీద్దాం. రక్తం.

ఈ క్రిమి బాగా ముదిరినవాళ్ళలో రక్తంలోకి దిగుతుంది బాబాయ్. చర్మం శుభ్రంగా తుడిచి, సూదితో తీసి, తిన్నగా సీసాలోకి. మధ్యలో గొట్టం లేదు, సింకు లేదు, పుక్కిలింత లేదు. ఆవిడ ఒప్పుకుంది. ఆ ఫలితం వచ్చేదాకా సూదులు మొదలుపెట్టొద్దని వార్డు డాక్టరుకి తనే ఫోన్ చేసింది. ఇరవయ్యో తారీకు దాకా అయితే ఆగుతానన్నాడు. నిన్న పొద్దున రెండు సీసాల రక్తం తీశాం. పెరగడానికి రెండు వారాలైనా పడుతుంది. పెరుగుతుంది. రోజూ ఆ పెట్టె ముందు కాలు కాలిన పిల్లిలా తిరుగుతానేమో గానీ, పెరుగుతుందని మాత్రం నాకు తెలుసు.

చివర పేరు పెట్టనందుకు క్షమించు. ఇదిగో, రెండుసార్లు పెడుతున్నాను.

నీ గడుగ్గాయి
గడుగ్గాయి


ఆగస్టు 1

అమ్మడూ,

నీ దగ్గరినుంచి జవాబు లేదు. అడిగింది కూడా తప్పయిందేమో అనుకుంటున్నాను.

సాయం చెయ్యనని మాటిచ్చాను, తప్పాను. పెద్ద డాక్టరమ్మ గారికి మళ్ళీ రాశాను. ఈసారి నీకు ముందే చెబుతున్నాను. ముందే అంటే, పోస్టు డబ్బాలో వేసి వచ్చిన తర్వాత. అందులో ఏముందో ఉన్నదున్నట్టు కింద రాస్తున్నాను, తిట్టదలుచుకుంటే వరసగా తిట్టు.

"అమ్మా, నా మొదటి ఉత్తరంలో ఆరు సీసాలని ధృవీకరించాను. చూడకుండా ధృవీకరించాను. దాన్ని అయిదుకి దిద్దుతున్నాను. ఆరో సీసాలోది ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. నేను చూడని కుళాయికి ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సంతకం పెట్టలేదు, రిటైరయ్యాక పెట్టాను. మా అమ్మాయి తప్పేమీ లేదు."

అంతే. మీ పిన్ని చదివి, సరే పంపమంది. ఆవిడ నాతో మాట్లాడుతోంది.

బాబాయ్


సెప్టెంబర్ 6

బాబాయ్‌కి, పిన్నికి,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుని వెళ్ళాయి. నేను క్షమించమని రాస్తుంటే నువ్వక్కడ కోర్టులో సాక్షిలా వాంగ్మూలం రాస్తున్నావు. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, అంతా తేలాక ఒకేసారి చెప్పాలని. నువ్వు మధ్యలో పంపిన మూడు కార్డులూ అందాయి. ఆ మూడింటికీ జవాబు ఇదే.

ఆగస్టు పద్నాలుగున మొదటి రక్తం సీసా పెరిగింది. మర్నాడు రెండోది. రంగు వేస్తే ఎర్ర పుల్లలు. పట్టీ మీద చుక్క వేసి పావుగంట కదలకుండా కూర్చున్నాను. గీత పడలేదు. ఇంకో పట్టీ తీసి మళ్ళీ వేశాను, పడలేదు. క్రిమి ఏ శాఖదో తేల్చే పరీక్షకి పంపాం, అయిదు రోజుల్లో వచ్చింది. కళ్ళె సీసాల్లోదీ, రక్తంలోదీ ఒకటే. దాయాదే బాబాయ్. మొదటిరోజు నేను చెప్పిందే.

పెద్ద డాక్టరమ్మ గదిలో రిపోర్టు ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ సొరుగు తీసి నీ రెండో ఉత్తరం బయటికి తీసింది. రిపోర్టు పక్కన పెట్టి, "మీ బాబాయి నాకంటే రెండు వారాల ముందే దిద్దుకున్నారు" అంది. తర్వాత పాత రిపోర్టు రద్దని రాసి సంతకం చేసింది. నీ ఉత్తరం తిరిగివ్వమని అడిగాను, ఇవ్వనంది. కొత్తగా చేరినవాళ్ళకి చూపిస్తుందట. ఇప్పుడు మా ల్యాబ్‌లో ఒక కొత్త నియమం: రిజిస్టరులో పక్క గడి కూడా చదివాకే రిపోర్టు రాయాలి. కుళాయి నీళ్ళ బదులు ఇప్పుడు మూత వేసిన సీసా నీళ్ళతో పుక్కిలింపిస్తున్నారు. ఆ అయిదుగురికీ ఈ క్రిమి లేదు, వాళ్ళ జబ్బులకి వాళ్ళకి సరైన మందులు పడుతున్నాయి.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఇరవయ్యో తారీకు పొద్దున, సూదులు మొదలుపెట్టాల్సిన రోజు, వార్డు డాక్టరు రిపోర్టు రెండుసార్లు చదివాడు. చెడ్డవాడు కాదు, నలభై మంచాలు ఒక్కడే చూస్తాడు. లేచి దర్జీ మంచం దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను. "నీది టీబీ కాదయ్యా. నువ్వు మాత్రలన్నీ మింగావు. తప్పు మాది. ఇవాళ్టినుంచి మందు మారుస్తున్నాం" అన్నాడు.

దర్జీ భార్య అప్పుడే గిన్నె కడుక్కుని వస్తూ గుమ్మం దగ్గర ఉంది. దర్జీ ఆవిణ్ణి చూశాడు, డాక్టరు వైపు తిరిగాడు. "అయ్యా, ఇంకొక్కసారి చెప్పండి, కొంచెం గట్టిగా" అన్నాడు.

డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆవిడ గిన్నె పట్టుకుని అలాగే నిలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచిపెట్టడం దేనికి.

మందు మార్చి పదిహేడు రోజులైంది. జ్వరం నూటికి దిగింది, మొన్నటినుంచి సాయంత్రాలు అసలు రావడం లేదు. ఇంకా చాలా నెలలు వాడాలి, హెచ్ఐవీ మందులు ఎప్పటికీ వాడాలి, అంతా ఒక్కరోజులో అయ్యేది కాదు. కానీ లేచి కూర్చుంటున్నాడు. నోరు మానింది. నిన్న నా తెల్లకోటు జేబు వేలాడుతుంటే చూడలేక, విప్పించుకుని కుట్టి ఇచ్చాడు. కొత్త మందుకి కొత్త పీలిక మొదలుపెట్టాడు, ఈసారి నీలం దారం. పాతది నా చేతిలో పెట్టి, దీనితో ఇక పనిలేదు, పారెయ్యండమ్మా అన్నాడు. మీరు పుక్కిలించారా అని అడిగిన పెద్దాయన ఒకరున్నారని చెప్పాను, ఆయనకి పంపించనా అని అడిగాను. పంపమన్నాడు. ఈ కవరులో ఉంది.

నీ గడుగ్గాయి


సెప్టెంబర్ 13

ఒసే గడుగ్గాయ్,

కవరు అందింది. ఉత్తరం మీ పిన్ని గట్టిగా చదివింది, నాకోసం. "ఇంకొక్కసారి చెప్పండి" దగ్గర ఆగిపోయింది. తర్వాత నేను చదువుకున్నాను.

నీకు ఒకటి చెప్పాలి. చెప్పకుండా ఉందామనుకున్నాను, మీ పిన్ని ఊరుకోదు. నీ ఉత్తరం మడిచి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు పట్టుకుంటుంటే ఆవిడ వెనకాల నిలబడి నా భుజం తట్టి కుళాయి చూపించింది. రబ్బరు గొట్టం. పదకొండేళ్ళ క్రితం నేనే కట్టాను, నీళ్ళు చిందుతున్నాయని. వీధంతా తిరిగి రబ్బరు గొట్టం నా పాత శత్రువని చెప్పుకున్నవాణ్ణి, రోజూ దాని కిందే గ్లాసు పెడుతున్నాను. పీకి చీల్చి చూశాను. లోపల ఏముందో రాయను. ఈ సంగతి పెద్ద డాక్టరమ్మకి చేరిందో, నేను నీతో మాట్లాడను.

ఆ పీలిక కిటికీ దగ్గర వెలుగులో పెట్టుకుని కూర్చున్నాను. కళ్ళజోడు పెట్టుకుని, గుండుసూది కొనతో ఒక్కో కుట్టూ దాటుకుంటూ వచ్చాను. ముందు కుట్లు వరసగా, ముచ్చటగా ఉన్నాయి, పనివాడి కుట్లు. పోను పోను వంకరలు పోయాయి. ఒక చోట అయితే దారం ముడిపడి, తెగి, మళ్ళీ ఎక్కించినట్టుంది. చెయ్యి వణికే జ్వరంలో సూదిలో దారం ఎలా ఎక్కించాడో. జనవరి ఆరునుంచి ఆగస్టు పంతొమ్మిది దాకా రోజులు క్యాలెండరులో చూశాను. రెండువందల ఇరవై ఆరు. కుట్లు కూడా అంతే. మీ పిన్ని నమ్మక మళ్ళీ మొదటినుంచి చూసింది. ఆవిడకీ అంతే వచ్చింది.

ఆయనకి చెప్పు, ఒక్కటి కూడా తప్పలేదని. ఈసారి చూసే చెబుతున్నాను.

బాబాయ్